చిన్న దెబ్బ – చెదరిన చూపు

ఒక బాలుడు సైకిలు మీదినుండి పడినాడనుకొందము. తల నేలకు తగిలినది. ఒక్క నిమిషము కన్నులు బైర్లు కమ్మినవి. తరువాత తానే లేచి, మోకాళ్ల మట్టి దులుపుకొని ఇల్లు చేరినాడు. నెత్తురు కారలేదు, ఎముక విరుగలేదు. పెద్ద ముప్పు తప్పినదని ఇంటివారు దేవునికి దండము పెట్టి ఆ సంగతి మరచిపోయినారు. వారము గడచినది. పుస్తకము తెరచిన పిల్లవాడు, "అమ్మా, అక్షరాలు కదులుతున్నాయి, తల నొస్తోంది" అన్నాడు. కంటి వైద్యునివద్దకు తీసికొని వెళ్లినారు. గోడకు వ్రేలాడు అట్టలో అడుగు వరుస వరకు తప్పు లేక చదివినాడు. "కన్నులు చక్కగా ఉన్నవి" అని వైద్యుడు చెప్పినాడు. ఇక ఇంటిలో వినబడు మాట ఒక్కటే: "చదువు ఎగ్గొట్టడానికి వీడికి ఇదొక సాకు!"

పిల్లవాడు అబద్ధమాడుట లేదు. వైద్యుడు చెప్పినదియు తప్పు కాదు. ఈ రెండు నిజములును ఒకే చోట ఎట్లు ఇముడును? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు వైద్యశాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ నూరేండ్ల కథలో రైలు ప్రమాదములు కలవు, మూడు పెద్ద యుద్ధములు కలవు, మోటారు సైకిళ్లు కలవు. అన్నిటికంటె ముఖ్యముగా, తమ బాధను చెప్పుకొనియు నమ్మిక పొందజాలని మనుష్యులు కలరు. ఆ కథ చెప్పుటయే నేటి ప్రసంగముయొక్క ఉద్దేశము.

పెద్దలు సర్వేంద్రియములలో నయనమే ప్రధానమన్నారు. అయితే నయనము ఒంటరిగా పనిచేయదు. కంటిలోని తెర వెలుతురును గ్రహించి సంకేతములుగా మార్చును. ఆ సంకేతములు దృష్టినాడి మీదుగా మెదడులో ముందునుండి వెనుకకు ప్రయాణము చేసి, తల వెనుక భాగమునందలి దృష్టికేంద్రమును చేరును. అచటినుండి మరల రెండు దారులు చీలును. ఒక దారి 'ఇది ఏమి?' అని తేల్చును. రెండవ దారి 'ఇది ఎక్కడ ఉన్నది, చేయి ఎటు చాపవలెను?' అని తేల్చును. ఒక్కొక్క కంటిని త్రిప్పుటకు 6 కండరములు కలవు; వానిని నడపుటకు మెదడు మొదటి భాగమునుండి 3 జతల నాడులు బయలుదేరును. తల కదలినపుడు దృశ్యము చెదరకుండ లోచెవి కన్నులకు క్షణక్షణము సూచన లందించుచుండును. చూపు అనునది ఇన్ని అంగములు కలిసి వాయించు మేళము. అందులో ఏ ఒక్కటి తాళము తప్పినను, కన్ను చెడకుండగనే చూపు చెడును.

1862లో హాలెండు దేశమునందలి యూట్రెక్ట్ పట్టణములో హెర్మన్ స్నెల్లెన్ అను నేత్రవైద్యుడు, పైనుండి క్రిందికి అక్షరములు చిన్నవగుచు వచ్చు అట్టను ప్రచురించినారు. అది లోకమునకు గొప్ప మేలు చేసినది. ఎంత దూరమునుండి ఎంత చిన్న అక్షరము కనబడునో చెప్పుటకు అంతకుముందు అంత చక్కని కొలమానము లేదు. కాని ఆ అట్ట కొలుచునది ఒక్కటే. అక్షరము కదలదు, తల కదలదు, చదువువానికి తొందర లేదు, పరీక్ష ఒకటి రెండు నిమిషములలో ముగియును. పుస్తకము చదువుట అట్టిది కాదు. రెండు కన్నులును లోపలికి మరలి ఒకే అక్షరముపై కలియవలెను. కంటిలోని కటకము దగ్గరి చూపునకు తగినట్లు ఉబ్బవలెను. చూపు క్షణమునకు మూడు నాలుగు సార్లు ఒక మాటనుండి మరొక మాటకు గెంతవలెను. ఇట్లు గంటలకొలది సాగవలెను. అట్టమీద నెగ్గినవాడు పుస్తకముముందు ఓడుట అసంభవము కాదు.

ఈ ఓటమిని మొదట వివరముగ వర్ణించినది లండన్ నగరపు శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్‌సెన్. ఇంగ్లండులో రైళ్లు పెరిగినవి, వానితోపాటు ప్రమాదములును పెరిగినవి. ఒంటిపై చెప్పుకొనదగిన గాయము లేకుండగనే దిగివచ్చిన ప్రయాణికులు కొందరు, కొన్ని దినముల తరువాత క్రుంగిపోవుచుండిరి. ఎరిక్‌సెన్ 1866లో ప్రచురించిన ఉపన్యాసములలో అట్టివారి బాధలను పేర్కొన్నారు. కొన్ని నిమిషములకంటె ఎక్కువ సేపు చదువలేకపోవుట, అక్షరములు మసకబారి ఒకదానిలో ఒకటి కలిసిపోవుట, వెలుతురును ఓర్వలేకపోవుట, అరుదుగా ఒకటి రెండుగా కనబడుట ఆ పట్టికలో కలవు. నేటి వైద్యుడు వ్రాసికొను పట్టికయు దాదాపు ఇట్లే ఉండును. అయితే ఎరిక్‌సెన్ కారణమును వెన్నుపాములో వెదకినారు, అది పొరపాటు.

ఆ పొరపాటు వలన బాధితులకు కీడు కలిగినది. రైలు కంపెనీలు నష్టపరిహారము చెల్లింపవలసి యుండెను. 1883లో హెర్బర్ట్ పేజ్ అను వైద్యుడు ఎరిక్‌సెన్ వాదమును ఖండించుచు గ్రంథము వెలువరించినారు. ఆయన ఒక రైలు కంపెనీకి వైద్యుడు. వెన్నుపాములో ఏ దెబ్బయు లేదనియు, ఈ బాధలలో పెక్కు భయమువలన పుట్టినవనియు ఆయన వాదము. వెన్నుపాము విషయములో ఆయన మాట చాలవరకు నిజమే. కాని మెదడు సంగతి అప్పటికి ఎవరికిని స్పష్టముగా తెలియదు. న్యాయస్థానములో మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఇతడు నిజముగా బాధపడుచున్నాడా, లేక డబ్బుకొరకు నటించుచున్నాడా? ఆ అనుమానము అచటనుండి వైద్యశాలలోనికిని ప్రవేశించినది.

ఇక మెదడులో చూపునకు స్థానమెక్కడ అను విషయము యుద్ధభూమిలో తేలినది. 1904–05 సంవత్సరములలో రష్యా, జపాను దేశములు పోరాడినవి. ఆనాటి క్రొత్త తుపాకుల గుండ్లు చిన్నవి, మిక్కిలి వేగముగలవి. అవి తలలో ఒక ప్రక్క దూరి రెండవ ప్రక్క సూటిగా వెలువడినను, కొందరు సైనికులు బ్రతికి బయటపడినారు. వారిలో ఎవరికి ఎంత చూపు పోయినదో కొలిచి పింఛను నిర్ణయించు పనిలో తత్సుజి ఇనౌయే అను యువ నేత్రవైద్యుడు నియమింపబడినారు. ఆయన లెక్కకట్టుటతో ఆగలేదు. గుండు దూరిన చోటును, వెలువడిన చోటును కొలిచి, అది మెదడులో ఏ దారిన పోయినదో గుర్తించుటకు ఒక పరికరమును తయారుచేసినారు. ప్రతి సైనికునికి దృశ్యములో ఏ భాగము కనబడుట లేదో దానితో సరిపోల్చినారు. 1909లో జర్మను భాషలో ఆయన గ్రంథము వెలువడినది. మన చూపులో నడిమి భాగమునకు, అనగా చదువుటకును ముఖములు గుర్తించుటకును వాడుకొను భాగమునకు, మెదడు వెనుక కొసలో చాల పెద్ద చోటు కేటాయింపబడియున్నదని అందులో తేలినది.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. బ్రిటిషు సైనికులకు 1915 నుండి ఇచ్చిన ఉక్కు టోపీ పళ్లెమువలె లోతు తక్కువగా ఉండి, తల వెనుక భాగమును చాలినంత కప్పలేదు. ఫ్రాన్సులోని సైనిక వైద్యశాలలలో పనిచేసిన నాడీవైద్యుడు గోర్డన్ హోమ్స్, నేత్రవైద్యుడు విలియం లిస్టర్ కలిసి అట్టి గాయములను పరీక్షించి 1916లో ఫలితములు ప్రకటించినారు. ఇనౌయే గీచిన పటమును వారి పని మరింత స్పష్టపరచినది.

అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి తరువాత తెలిసినది. 1918లో హోమ్స్ మరికొందరు సైనికులను వర్ణించినారు. వారికి వస్తువు కనబడును; దాని పేరు చెప్పగలరు; కాని అది ఎంత దూరములో ఉన్నదో చెప్పజాలరు. దానిని అందుకొనబోయి గాలిలో తడవుకొందురు. నడచుచు ఎదుటి వస్తువులకు కొట్టుకొందురు. అంతకుముందు 1917లో జార్జ్ రిడాక్ అను వైద్యుడు, అంధమైన భాగములో నిలకడగా ఉన్న వస్తువును చూడలేనివారు కొందరు అదే వస్తువు కదలినపుడు ఆ కదలికను గుర్తింపగలరని చూపినారు. అదే సంవత్సరము జర్మనీలో వాల్టర్ పొపెల్‌రాయ్‌టర్ ఒకదానిపై ఒకటి గీచిన బొమ్మలను చూపి, వానిని విడదీసి గుర్తింపుమని గాయపడినవారిని పరీక్షించుచుండెను. విడివిడిగా బొమ్మలను గుర్తించువారే, ఆ గీతల చిక్కులో దారి తప్పుచుండిరి. చూచుట వేరు, చూచినదానిని గ్రహించుట వేరు అని ఈ మువ్వురి పనితో రూఢియైనది.

అయితే వీరందరికి తలలో గుండో, ఇనుపముక్కయో దూరినది. గాయము కంటికి కనబడుచున్నది గనుక వారిని ఎవరును శంకింపలేదు. గాయము లేనివారి సంగతి ఏమి? 1915 ఫిబ్రవరిలో చార్ల్స్ మైయర్స్ అను వైద్యుడు ముగ్గురు సైనికుల వృత్తాంతమును ప్రకటించినారు. వారి సమీపమున ఫిరంగి గుండ్లు ప్రేలినవి. ఒంటిపై పెద్ద గాయము లేదు. కాని జ్ఞాపకము దెబ్బతిన్నది, చూపు మేర కుంచించుకొనిపోయినది. ఆ వ్యాసముతో 'షెల్ షాక్' అను మాట వైద్యగ్రంథములకెక్కినది. ఇది మెదడు దెబ్బయా, మనసు దెబ్బయా అని వైద్యులు వాదులాడుకొన్నారు. మైయర్స్ తామే మనసు వైపునకు మొగ్గినారు. నిజమునకు అందులో రెండు రకములవారును ఉండియుండవచ్చును. కాని రోగుల సంఖ్య పెరుగగా, 1917లో బ్రిటిషు సైన్యము ఆ మాటను వాడుటయే కట్టడి చేసినది. పేరు తీసివేసినంత మాత్రమున బాధ పోలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలములో ఈ చిక్కుముడి విడుట మొదలైనది. 1935లో టి. ఇ. లారెన్స్ అను ప్రసిద్ధ ఆంగ్ల రచయిత మోటారు సైకిలు ప్రమాదములో మరణించినారు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. తరువాత కెయిర్న్స్ మోటారు సైకిలు ప్రమాదములను పరిశీలించి, శిరస్త్రాణము ప్రాణము కాపాడునని 1941లో వ్రాసినారు. ఆ సంవత్సరముననే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు సవారులకు దానిని తప్పనిసరి చేసినది. అదే 1941లో డెన్నీ బ్రౌన్, రిచీ రస్సెల్ అను ఇద్దరు, తల కదలకుండ బిగించియున్నపుడు స్పృహ తప్పింపని దెబ్బయే, తల స్వేచ్ఛగా కదలునపుడు స్పృహ తప్పించునని ప్రయోగములతో చూపినారు. అనగా మెదడునకు చేటు దెబ్బ తగిలిన చోట కాదు, తల ఒక్కసారిగా ఊగుటలో ఉన్నది.

1943లో ఆక్స్‌ఫర్డులోని హోల్‌బర్న్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనికి కారణము చెప్పినారు. చెంబు నిండ నీరు పోసి చటుక్కున గిరుక్కున త్రిప్పినయెడల, చెంబు తిరుగును గాని లోని నీరు వెనుకబడును. మెదడు నీరు కాదు, మెత్తని జున్ను వంటిది. కపాలము ఒక్కసారి తిరిగినపుడు మెదడు వెనుకబడి, ఒక పొర మరొక పొరపై జారబోవును. హోల్‌బర్న్ జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి, ఆ లాగుడు ఎచ్చట ఎక్కువగా ఉండునో చూపినారు. జున్నును గుండు చీల్చనక్కరలేదు, కుదిపిన చాలును.

మెదడులో పొడుగైన నాడీతంతువులు దూరదూరపు భాగములను కలుపుచుండును. ఈ లాగుడులో దెబ్బతినునవి ముఖ్యముగా అవియే. 1968లో ఓపెన్‌హైమర్ అను వైద్యుడు, తలకు దెబ్బ తగిలి మరణించినవారి మెదళ్లను సూక్ష్మదర్శినితో చూచి, అల్పముగా అదరిన మెదడులో సైతము సన్నని గాయములు ఉండవచ్చునని కనుగొన్నారు. 1994లో ఆస్ట్రేలియాలోని ఎడిలైడ్ నగరమునందు బ్లంబర్గ్స్, ఆయన సహచరులు, చిన్న దెబ్బ తగిలి తరువాత వేరే కారణములచే మరణించిన 5 గురి మెదళ్లలో ప్రత్యేకమైన రంగు పద్ధతితో తంతువుల దెబ్బను కన్నులకు కట్టినట్లు చూపినారు. ఎరిక్‌సెన్ ఉపన్యాసములు వెలువడిన 128 ఏండ్లకు ఆ అక్షరముల మసకకు సాక్ష్యము లభించినది.

ఈలోపల వైద్యులు 'చిన్న దెబ్బ' అనగా ఏమో నిర్ణయించుకొన్నారు. 1974లో గ్లాస్గో నగరములో టీస్‌డేల్, జెన్నెట్ అను వైద్యులు రోగి స్పృహను కొలుచు పద్ధతిని ప్రకటించినారు. ఆ కొలతలో 15కు 13 మొదలు 15 వరకు వచ్చినచో దెబ్బ చిన్నది. స్పృహ తప్పినను 30 నిమిషములకు మించరాదు. దెబ్బ తగిలిన పిదప మరపు 24 గంటలకు మించరాదు అని 1993లో అమెరికాలో ఒక నిర్వచనము వెలువడినది. స్పృహ తప్పకున్నను మెదడు అదరియుండవచ్చును. 'చిన్న' అను మాట ప్రాణాపాయమును గూర్చినది. బాధను గూర్చినది కాదు.

చూపును పరీక్షించు పద్ధతులును ఈ కాలములోనే మారినవి. 1976లో చదువునందు కంటి కదలికలను కొలుచుటకు కింగ్, డెవిక్ అనువారు అంకెల పట్టికలతో ఒక పరీక్షను రూపొందించినారు. 2011లో 39 మంది ముష్టియోధులకు, మల్లులకు పోటీకి ముందును తరువాతను ఆ పరీక్ష జరిపినారు. తలకు దెబ్బలు తగిలినవారు అంకెలను చదువుటకు ఎక్కువ కాలము తీసికొన్నారు. 2014లో పిట్స్‌బర్గ్ నగరమునందు, కన్నులను తలను రకరకములుగా కదలించి, తలనొప్పి, తల తిరుగుట పెరుగునేమో చూచు కొన్ని నిమిషముల పరీక్ష వెలువడినది. 2016లో ఫిలడెల్ఫియా నగరపు పిల్లల వైద్యశాలలో, మెదడు అదరిన 11 మొదలు 17 ఏండ్లలోపు వయసుగల 100 మందిని పరీక్షింపగా, 69 మందిలో చూపునకు సంబంధించిన లోపమేదో ఒకటి కనబడినది. 51 మందికి కటకము సర్దుబాటు సరిగా లేదు. 49 మందికి దగ్గరి వస్తువుపై కన్నులు కలియుట లేదు. 29 మందికి చూపు గెంతులు తడబడినవి. ఒకే పిల్లవానిలో రెండు మూడు లోపములు ఉండవచ్చును.

ఇప్పుడు మన బాలునివద్దకు మరల వత్తము. దూరపు చూపు చెడలేదు గనుక అట్ట చదివినాడు. దగ్గరకు మరలవలసిన కన్నులు కొంతసేపటికి జారిపోవుచున్నవి. అందుచేత అక్షరములు కదలినట్లు, రెండైనట్లు తోచుచున్నది. ఇంకొకరికి మెట్లు దిగునపుడు ఒక మెట్టు రెండుగా కనబడవచ్చును. కంటి కండరములలో ఒకదానిని నడపు నాలుగవ నాడి సన్ననిది, కపాలములో చాల దూరము ప్రయాణము చేయునది గనుక దెబ్బకు తేలికగా లోనగును. సంతలో, తిరునాళ్లలో, బస్సునిలయములో జనము నలువైపుల కదలుచుండగా కొందరికి తల తిరుగును. లోచెవి చెప్పునదియు కన్ను చెప్పునదియు పొసగవు. దీపపు వెలుతురు ముల్లువలె గ్రుచ్చుకొనును. ఇవి సాకులు కావు, మెదడు అలసట పడుచు చేయు పనికి గుర్తులు.

ధైర్యము చెప్పవలసిన మాటయు కలదు. చిన్న దెబ్బ తగిలినవారిలో పెక్కుమంది కొన్ని వారములలో కోలుకొందురు. పూర్వము చీకటి గదిలో దినములకొలది పడుకొనుమనుచుండిరి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున సమావేశమైన నిపుణులు మొదటి ఒకటి రెండు దినములు మాత్రము పని తగ్గించి, పిమ్మట మెల్లమెల్లగా నడక, చదువు పెంచుకొనుమన్నారు. కొంచెము చదివి కొంచెము విరామము తీసికొనుట, పెద్ద అక్షరములు వాడుట, పాఠము వినిపించుట మేలు చేయును. వారములు గడచినను బాధ తగ్గనియెడల, 'తలకు దెబ్బ తగిలినది' అను మాటను తప్పక చెప్పుచు, రెండు కన్నుల కలయికను, కదలికలను కూడ పరీక్షింపుమని నేత్రవైద్యుని అడుగవలెను. అవసరమైనచో తగిన అద్దములు, కంటి వ్యాయామములు ఉన్నవి. అయితే తలనొప్పి అంతకంతకు పెరుగుచున్నను, వాంతులు మరలమరల అగుచున్నను, మగత కమ్మినను, ఒక కంటిపాప పెద్దదైనను, చూపు ఒక్కసారి తగ్గినను ఒక్క గంటయు ఆలస్యము చేయక వైద్యశాలకు పోవలెను.

మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము ద్విచక్రవాహనముపై ప్రయాణించువారికి శిరస్త్రాణమును విధించినది. అది కపాలమును కాపాడును, ప్రాణమును నిలుపును. కాని శిరస్త్రాణము లోపల సైతము మెదడు ఊగుటకు కొంత అవకాశము మిగిలియే ఉండును. గాయము లేదు గనుక బాధ లేదని అనుకొనుట తగదు.

రైలు దిగిన ప్రయాణికుని న్యాయస్థానము నటుడన్నది. ఫిరంగి ప్రక్కన నిలిచిన సైనికుని సైన్యము పిరికివాడన్నది. ఆ రెండు మాటలును తొందరపడి పలికినవని తేలుటకు తరములు గడచినవి. తన బాధను చెప్పుకొన్న పిల్లవాడు మాత్రము తరములకొలది ఆగజాలడు. అతనికి రాబోవు పరీక్షలు వేసవిలోనే కలవు. "అక్షరాలు కదులుతున్నాయి" అని అతడన్ననాడు, కోపము తెచ్చుకొనుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుదము: "నాయనా, ఈమధ్య తలకు దెబ్బ ఏమైనా తగిలిందా?"